వదిలిన చేయి, బిగించిన చేయి: ఒక ఇంగ్లీషు నానుడి గురించి

సంపాదకులకు నమస్కారం.

గడిచిన పది రోజుల్లో ‘స్లాక్ పికప్ చేయడం’ అనే ఇంగ్లీషు నానుడి మీ పత్రికలో నాకు మూడు చోట్ల ఎదురైంది. ఆటల పేజీలో, ప్రధాన బౌలరు గాయపడి తప్పుకుంటే కుర్ర బౌలర్లు ‘స్లాక్‌ను పికప్ చేశారు’ అని రాశారు. ఉద్యోగాల అనుబంధంలో, మంచి ఉద్యోగికి ఉండవలసిన లక్షణాల కింద ‘సహచరుల స్లాక్‌ను పికప్ చేసే గుణం’ అని ఒకటి చేర్చారు. మూడోది వ్యాపార పేజీలోని అనువాద వార్త. విదేశీ కేంద్ర బ్యాంకు ఒకటి వడ్డీ రేట్ల గురించి చేసిన వ్యాఖ్యను తెలుగు చేస్తూ, స్లాక్ అన్న మాట వచ్చిన చోట ‘కార్మికుల్లో అలసత్వం ఇంకా మిగిలే ఉంది’ అని వేశారు. మొదటి రెండింటికీ నేను ఉత్తరం రాసేదాన్ని కాదు. మూడోది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ఇరవై రెండేళ్లుగా ఇంగ్లీషు కాగితాలను తెలుగులోకి మార్చే ఉద్యోగం చేస్తున్నాను. ఈ ఒక్క నానుడి మా కార్యాలయంలో ఏం చేసిందో దగ్గరుండి చూసినదాన్ని కూడా.

ముందుగా ఆ మాట ఎక్కడిదో చెప్పుకోవాలి. స్లాక్ అంటే తాడులో వదులుగా వేలాడే భాగం. ఇద్దరు ఒక తాడును చెరో కొసా పట్టుకుని బిగించి నిలబడ్డారనుకుందాం. ఒకరి పట్టు సడలితే తాడు మధ్యలో కిందికి జారుతుంది. ఆ జారిన భాగాన్ని రెండోవారు తమ వైపు లాక్కుని మళ్లీ బిగువు తెస్తే, దాన్నే ఇంగ్లీషువారు ‘స్లాక్‌ను పికప్ చేయడం’ అనీ, ‘టేక్ అప్ చేయడం’ అనీ అంటారు. అక్కడి నుంచి అది పనుల్లోకి పాకింది. ఒకరు చేయని, చేయలేని పనిని మరొకరు అందుకుని పూర్తి చేయడం అనే అర్థం స్థిరపడింది.

తాళ్లతో, గొలుసులతో పని చేసినవారికి ఈ వదులును ఎలా లాగాలన్నది పెద్ద విషయం. పాతకాలపు బ్రిటిష్ గూడ్సు రైళ్లలో పెట్టెకూ పెట్టెకూ మధ్య గొలుసులు వదులుగా ఉండేవి. డ్రైవరు ఇంజన్‌ను ఒక్క ఊపున ముందుకు లాగితే ఆ వదులంతా ఒక్క కుదుపుతో బిగిసి ఎక్కడో ఒక చోట గొలుసు తెగే ప్రమాదం ఉండేది. అందుకే అతను ఒక్కో గొలుసూ బిగుసుకునేలా మెల్లగా కదిలించేవాడు. చివరి పెట్టెలో ఉన్న గార్డు తన చేతి బ్రేకుతో గొలుసులు మళ్లీ వదులు కాకుండా చూసుకునేవాడు. వదులును బిగించడం ఇద్దరి మధ్య అవగాహనతో జరిగే పని అనీ, హఠాత్తుగా ఒకరి మీద పడేస్తే తెగిపోయేది ఆ లాగే కొసేననీ ఆ రైలు పనివాళ్లకు తెలుసు. నానుడిని వాడుకుంటున్న మనం ఈ సగాన్ని మరిచిపోయాం.

ఇక వ్యాపార పేజీ సంగతి. ఆర్థిక శాస్త్రంలో లేబర్ మార్కెట్‌లో స్లాక్ ఉందంటే, పని చేయగలిగీ, చేయాలని ఉండీ పని దొరకని మనుషులు ఉన్నారని అర్థం. కొద్ది గంటల పనే దొరికి, ఇంకా ఎక్కువ గంటలు చేయడానికి సిద్ధంగా ఉన్నవారు కూడా అందులోకి వస్తారు. అంటే అక్కడ వదులుగా ఉన్నది ఆర్థిక వ్యవస్థ, మనుషులు కారు. దాన్ని ‘కార్మికుల్లో అలసత్వం’ అని రాసినప్పుడు అర్థం పూర్తిగా తిరగబడింది. పని కోసం ఎదురుచూస్తున్నవారు పని ఎగ్గొట్టేవారయ్యారు. ఇది అచ్చుతప్పు స్థాయి పొరపాటు కాదు. నిరుద్యోగికి మనం మన భాషలో వేసిన నింద.

అనువాదకుడిని నేను పూర్తిగా తప్పుపట్టలేను, ఎందుకంటే ఆ మాటలోనే ఆ చిక్కు ఉంది. ప్రాచీన ఇంగ్లీషులోనే ఈ పదం నిర్లక్ష్యంగా ఉండే మనిషికి వర్తించేది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో సైన్యంలో చేరకుండా తప్పించుకు తిరిగేవారిని ‘స్లాకర్’ అని ఈసడించేవారు. తాడు వదులూ మనిషి బద్ధకమూ ఒకే పదంలో కాపురం ఉంటున్నాయి. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవారు సందర్భాన్ని బట్టి ఆ రెండింటినీ విడదీసుకుంటారు, వారికి కూడా ఒక్కోసారి తడబాటు తప్పదు. మనదాకా వచ్చేసరికి తాడు మాయమై బద్ధకం ఒక్కటే మిగిలింది. ‘వాడు పనిలో స్లాక్’ అంటే మనలో ఎవరికైనా బద్ధకస్తుడనే అర్థమవుతుంది.

దీనివల్ల ఏమవుతుందో నేను చూశాను. మా విభాగంలో ఒక అమ్మాయి ఉండేది. చురుకైనది. నా కన్నా పద్నాలుగేళ్లు చిన్నదైనా, ముసాయిదా చేతికిస్తే నేను పట్టుకోలేని తప్పులు పట్టుకునేది. ఆమెకు పెద్ద శస్త్రచికిత్స అయి నాలుగు నెలలు సెలవులో ఉంది. నిబంధనల ప్రకారం తీసుకున్న సెలవు, కాగితాలన్నీ సక్రమంగా ఉన్న సెలవు. ఆ నాలుగు నెలలూ ఆమె పనిని మేం ముగ్గురం పంచుకున్నాం. ఆమె తిరిగి వచ్చిన మొదటి రోజు, విభాగమంతా కూర్చున్న సమావేశంలో మా పై అధికారి నవ్వుతూనే, నిజంగా మంచి మనసుతోనే, ‘నీ స్లాక్ అంతా వీళ్లే పికప్ చేశారమ్మా, థ్యాంక్స్ చెప్పు’ అన్నారు. ఆమె లేచి నిలబడి మా ముగ్గురికీ థ్యాంక్స్ చెప్పింది. కూర్చున్నాక బల్ల మీద ఉన్న కలం మూత తీసి, పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టి, సమావేశం అయ్యేదాకా అదే పని చేస్తూ ఉంది. మధ్యాహ్నం నా దగ్గరకు వచ్చి, ‘అక్కా, నేను ఎప్పుడైనా పని ఎగ్గొట్టానా?’ అని అడిగింది.

ఆ అధికారి ఆ మాటే తెలుగులో చెప్పి ఉంటే ఏమనేవారు? ‘నువ్వు లేని లోటు తెలియకుండా వీళ్లు చూసుకున్నారమ్మా’ అనేవారు. అర్థం అదే, సందర్భం అదే, కృతజ్ఞత చెప్పించడం కూడా అదే. కానీ ఆ వాక్యం విన్న మనిషి తల ఎత్తుకుని కూర్చుంటుంది. ‘లోటు’ అన్న మాటలో నింద లేదు, విలువ ఉంది. అందుకే ఎవరైనా కన్నుమూస్తే ‘తీరని లోటు’ అని మీరే రోజూ రాస్తారు. మనిషి లేకపోతే ఏర్పడే ఖాళీ ఎంత పెద్దదైతే ఆ మనిషి అంత అవసరమైనవాడని ఆ మాట ఒప్పుకుంటుంది. ‘అలసత్వం’ అన్న మాటలో నింద తప్ప మరేమీ లేదు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని ఇంగ్లీషు నానుడి ఒక్క అడుగులో దాటేస్తోంది, మనం దాని వెనకే నడుస్తున్నాం.

ఈ విషయంలో తెలుగుకు ఉన్న విడివిడి మాటలు చూస్తే నాకు గర్వంగా ఉంటుంది. ఆపదలో ఉన్నవారి పని మనం చేస్తే ‘ఆదుకోవడం’. బరువు ఎత్తుతున్నవారికి కాసేపు సాయపడితే ‘ఒక చెయ్యి వేయడం’. ఒకరు ఆపిన దగ్గర మరొకరు మొదలుపెడితే ‘అందుకోవడం’. ఖాళీని నింపితే ‘భర్తీ చేయడం’, నష్టాన్ని సరిచేస్తే ‘పూడ్చడం’. బాధ్యతను ఇష్టపడి తీసుకుంటే ‘భుజాన వేసుకోవడం’. ఇష్టం లేకుండా మీద పడితే ‘నెత్తిన పడటం’, ఎవరో కావాలని తోసేస్తే ‘నెత్తిన రుద్దడం’. భుజానికీ నెత్తికీ జానెడు దూరం కూడా లేదు, కానీ ఆ మాటల మధ్య ఉన్న తేడా పనిచేసేవారందరికీ తెలుసు. పనిచేసిన చేతులు, పని ఎవరి వల్ల ఆగిందో, ఆ చేతులు ఒప్పుకున్నాయో లేదో, అన్నీ ఆ క్రియలోనే తెలిసిపోతాయి. వీటన్నిటినీ పక్కకు నెట్టి ‘స్లాక్ పికప్ చేశారు’ అని రాస్తే పాఠకుడికి అందేది సగం సమాచారమే.

ఇక్కడ నా అసలు అభ్యంతరానికి వస్తాను. ఈ నానుడిలో బిగించినవారు కనిపిస్తారు, వదిలినవారు కనిపించరు. మీ ఉద్యోగాల అనుబంధంలోని సలహానే తీసుకోండి. ‘సహచరుల స్లాక్‌ను పికప్ చేసే గుణం’ అన్నప్పుడు ఆ వదులు ఎలా వచ్చిందన్న ప్రశ్నకు చోటే లేదు. సహచరుడికి జ్వరం వచ్చిందా, పని నేర్పకుండానే కూర్చోబెట్టారా, ఉద్దేశపూర్వకంగా తప్పించుకున్నాడా, లేక అసలు ఆ కుర్చీలో మనిషే లేడా? నేను పనిచేసిన మరో చోట ఒక ఉద్యోగి పదవీ విరమణ చేశాక ఆ స్థానాన్ని పద్నాలుగు నెలలు ఖాళీగా ఉంచారు. నెలవారీ సమావేశంలో ప్రతిసారీ ‘ప్రస్తుతానికి అందరూ కాస్త స్లాక్ పికప్ చేయాలి’ అనే వాక్యం వినిపించేది. ఎవరి స్లాక్? వదిలింది సహచరుడు కాదు, అతను తన పని ముగించుకుని గౌరవంగా వెళ్లిపోయాడు. వదిలింది ఆ స్థానాన్ని నింపని సంస్థ. ‘ఖాళీని భర్తీ చేయలేదు కాబట్టి ఆ పని మీ మీద వేస్తున్నాం’ అని తెలుగులో చెప్పవలసి వస్తే ఆ వాక్యాన్ని పద్నాలుగు సార్లు పలకడం ఎవరికైనా కష్టమయ్యేది. ఇంగ్లీషు నానుడి ఆ కష్టం లేకుండా చేసింది.

ఎవరు వదిలారన్నది చిన్న విషయం కాదని పరిశోధనలు కూడా చెబుతున్నాయి. ఫ్రాన్స్‌కు చెందిన వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్‌మన్, మనుషులు బరువు లాగేటప్పుడు ఎంత బలం పెడతారో కొలిచి 1913లో ప్రచురించాడు. ఒంటరిగా లాగినప్పటితో పోలిస్తే, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు తలా పెట్టే బలం దాదాపు సగానికి పడిపోయింది. కలిసి ఒకే లయలో లాగడం కష్టం కాబట్టి కొంత బలం వృథా అవుతుందనుకోవచ్చు. కానీ 1974లో అమెరికాలో అలన్ ఇంగమ్ బృందం మనుషుల కళ్లకు గంతలు కట్టి, వెనక మరికొందరు లాగుతున్నారని నమ్మించి, నిజానికి ఒంటరిగానే లాగించింది. అప్పుడు కూడా వారు తక్కువ బలమే పెట్టారు. వెనక ఎవరో ఉన్నారులే అన్న నమ్మకమే చేతిని సడలించిందన్నమాట. తాడు మీద జరిగిన పరీక్షలు కావడం వల్ల ఈ నానుడి గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఇవే గుర్తొస్తాయి.

ఆ సడలింపును చూసిన పక్కవారు ఏం చేస్తారు? దీనికి రెండు జవాబులు దొరికాయి, రెండూ నిజమే. 1983లో నార్బర్ట్ కెర్ చేసిన ప్రయోగంలో, జతలోని రెండోవారు చేయగలిగీ చేయడం లేదని తెలిస్తే మొదటివారు కూడా తమ ప్రయత్నం తగ్గించుకున్నారు. నష్టపోయైనా సరే, వెర్రివాళ్లం కాకూడదనుకున్నారు. 1991లో కిప్లింగ్ విలియమ్స్, స్టీవెన్ కారౌ దీనికి ఎదురుగా ఉన్న స్థితిని చూపించారు. జతలోనివారు సరిగా చేయలేరని ముందే తెలిసి, చేస్తున్న పని తమకు ముఖ్యమనిపిస్తే, మనుషులు ఒంటరిగా చేసినదానికన్నా ఎక్కువ కష్టపడ్డారు. ఒకే మనిషి ఒక చోట చేయి ముడుచుకుంటాడు, ఇంకొక చోట రెండింతలు అందుకుంటాడు. తేడా తెచ్చేది ఆ పని మీద ఉన్న విలువ, అవతలివారు చేయలేకపోతున్నారా, చేయడం లేదా అన్న ఎరుక. ఆ ఎరుకనే తుడిచేసే మాటను ఉద్యోగాల పేజీలో మంచి గుణంగా నేర్పడం నాకు అన్యాయంగా తోస్తుంది. రోగి అయిన సహచరుడి పని చేసిపెట్టడం గొప్ప గుణమే. అడిగేవారు లేరు కదా అని ఏళ్ల తరబడి పని ఎగ్గొడుతున్నవాడి వాటాను నోరు మెదపకుండా మోయడాన్ని గుణమని యువతకు చెప్పకండి. మోసేవాడికే తెలుస్తుంది కావడి బరువు అంటారు. ఆ బరువును నోరు తెరిచి చెప్పుకునే హక్కు కూడా ఆ మోసేవాడికి ఉండాలి.

ఈ సందర్భంలో మరొకటి చెప్పాలి. వదులు ఎప్పుడూ లోపమే కానవసరం లేదు. అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పథకం కోసం 1950ల చివర్లో రూపొందించిన పెర్ట్ అనే ప్రణాళికా పద్ధతిలో స్లాక్ అన్నది లెక్క వేసి చూసుకునే ఒక పరిమాణం. మొత్తం పథకం ఆలస్యం కాకుండా ఒక పని ఎన్నాళ్లు వెనకబడవచ్చో ఆ వెసులుబాటు పేరే స్లాక్. వెసులుబాటు అసలే లేని పనులు ఏవో గుర్తించి వాటి మీద కన్నేసి ఉంచడం ఆ పద్ధతిలోని కీలకం. మనుషుల విషయంలోనూ అంతే. సహచరుడి పని అందుకున్నవారు దాన్ని తమ వెసులుబాటులోంచే చేస్తారు, అంటే భోజన విరామంలోంచి, సాయంత్రంలోంచి, నిద్రలోంచి. మేం ముగ్గురం ఆ నాలుగు నెలలు చేసింది అదే. ఇష్టపడే చేశాం, మళ్లీ అవసరమైతే చేస్తాం. అయితే ఆ నాలుగు నెలల్లో మాలో ఎవరైనా జబ్బు పడి ఉంటే ఆదుకోవడానికి ఎవరి దగ్గరా వెసులుబాటు మిగిలి లేదన్నది కూడా నిజం.

ఇంగ్లీషు మాటలు తెలుగులోకి రాకూడదని నేను అనడం లేదు. రైలు, ఫైలు, సెలవు చీటీ మీద పడే స్టాంపు, ఇవన్నీ మనవే అయిపోయాయి. వచ్చిన మాట ఒక కొత్త వస్తువును తెచ్చిందా, ఉన్న తేడాలను చెరిపిందా అన్నదే నేను చూసేది. అందువల్ల మీ డెస్కులో పనిచేసేవారికి నా విన్నపాలు చాలా చిన్నవి. ఆటల పేజీలో గాయపడిన ఆటగాడి స్థానంలో మరొకరు రాణిస్తే ‘లోటు తెలియనివ్వలేదు’ అని రాయండి. శీర్షికలోనూ చక్కగా ఇముడుతుంది, గాయపడినవారికీ మర్యాద దక్కుతుంది. కార్యాలయాల వార్తల్లో ఒక అధికారి ఈ నానుడి వాడితే, ఆ పని ఎందుకు ఆగిందో విలేకరి ఒక వాక్యంలోనైనా అడిగి రాయాలి. ఆర్థిక వార్తల్లో స్లాక్ వస్తే, సందర్భాన్ని బట్టి ‘పని దొరకని శ్రమశక్తి’ అనో ‘వాడుకలోకి రాని సామర్థ్యం’ అనో వేయవచ్చు. కాస్త పొడవైనా ఫరవాలేదు, తప్పు అర్థం కన్నా నయం.

ఉద్యోగాల అనుబంధం విషయంలో మరింత అడుగుతున్నాను. ఆ సలహా చదివేవారిలో మొదటి ఉద్యోగంలో చేరబోయే పిల్లలు ఎక్కువ. తమ వాటా ఏదో, పక్కవారి వాటా ఏదో తెలియని వయసు వారిది. ఎవరి పని అందుకుంటున్నారో, ఎంతకాలం అందుకోవాలో, ఆ సంగతి పై వారికి ఏ రోజున, ఏ మాటల్లో తెలియజేయాలో వివరిస్తూ ఒక వ్యాసం వేయించండి. ‘ఈ వారం ఆమె పని నేను చేస్తాను, వచ్చే సోమవారం దీని గురించి మళ్లీ మాట్లాడుకుందాం’ అని మర్యాదగా చెప్పడం కూడా నేర్చుకోవలసిన విద్యే. నాకు అది నేర్చుకోవడానికి పదేళ్లు పట్టింది.

మా విభాగంలోని ఆ అమ్మాయి ఇప్పుడు వేరే చోట, నాకన్నా పెద్ద బాధ్యతలో ఉంది. ఆమె కింద పనిచేసే ఒకతను తండ్రి అనారోగ్యం వల్ల నెల రోజులు రాలేకపోతే, తిరిగి వచ్చాక అతనికి అప్పగించిన కాగితం పైన ‘మీరు లేనప్పుడు మేం చూసిన పనులు’ అని శీర్షిక పెట్టిందట. ఫోనులో చెప్పింది.

చివరగా వ్యాపార పేజీలోని ఆ వాక్యానికి సవరణ వేయమని కోరుతున్నాను. అదే పేజీలో, కనిపించేంత అక్షరాల్లో వేయండి. ఆ వార్త చదివి, పని దొరకక ఇంట్లో కూర్చున్న మనిషిని బద్ధకస్తుడని అనుకున్న పాఠకులు ఒక్కరు ఉన్నా ఆ సవరణ వారికి చేరాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు